బంతి దిగని వల

బాస్కెట్‌బాల్ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఎండు నెత్తళ్ళ వాసన మధ్య. విజయనగరంలో తాతవాళ్ళ ఇంటి వెనక వసారాలో అమ్మమ్మ చేట ముందేసుకుని నెత్తళ్ళ తలలు గిల్లుతూ ఉండేది. ముందు వసారాలో తాత, ఆయన స్నేహితుడు చిన్నంనాయుడు తాత కూర్చుని పైడిరాజు అనే మనిషి గురించి మాట్లాడుకునేవాళ్ళు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగినదాన్ని. వేసవి సెలవులకి అమ్మ నన్ను అక్కడ దింపేసి, ఏడవకుండా తన పాత ఫోనొకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఆ ఇంట్లో ముందు వసారాలో తప్ప ఇంకెక్కడా లేదు. వైరేమో జానెడు. అందుకని ఇష్టమున్నా లేకపోయినా ఆ గోడకి ఆనుకుని పైడిరాజు కథ మొత్తం వినాల్సి వచ్చేది. ఒక్క వేసవిలో పదిసార్లైనా విని ఉంటాను.

తాత పేరు దానయ్య. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున వల వేసుకు బతికే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటి మనిషి. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే లేచి పెరట్లో నిలబడి గాలి ఎటునుంచి వస్తుందో చూసేవాడు. ఆఫీసులో కాగితాలు రాసుకున్న మనిషికి గాలితో పనేంటని అడిగితే కోప్పడేవాడు. చిన్నంనాయుడు తాతది ఆమదాలవలస, ధాన్యం వ్యాపారం. నెలకి రెండుసార్లు పాసింజరెక్కి వచ్చేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు వడ్లు ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కో గింజ గోటితో ఒలిచి నోట్లో వేసుకునేవాడు. ఆయన వెళ్ళాక వసారా అంతా ఊకే. అమ్మమ్మ చీపురు పట్టుకుని, కోళ్ళకి కూడా ఇంత సేపు పట్టదని గొణుక్కుంటూ ఊడ్చేది.

వీళ్ళిద్దరూ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళట. అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో, ఆ సంవత్సరం దగ్గరే ఇద్దరికీ గొడవ. గదిలో ఒక మూల తాత తెచ్చుకున్న ఎండుచేపల మూట, ఇంకో మూల చిన్నంనాయుడు తాత తెచ్చుకున్న అటుకుల సంచి. నెల తిరిగేసరికి అటుకులు కూడా చేపల వాసనొచ్చేవట. అయినా తినేవాళ్ళు. పైడిరాజు వాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో ఆడేవాడు. కోర్టంటే మనం ఇప్పుడు చూసే నున్నటి గచ్చు అనుకునేరు. మట్టి నేల. మ్యాచ్ ముందురోజు సాయంత్రం వీళ్ళిద్దరూ, మిగతా అభిమానులూ కలిసి కావిళ్ళతో నీళ్ళు తెచ్చి చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాళ్ళు. పైడిరాజుకి బూట్లు లేవు. వట్టికాళ్ళతో ఆడేవాడు. మ్యాచ్ అయ్యేసరికి మోకాళ్ళ దాకా సున్నం, మట్టి. హాస్టల్లో బావి దగ్గర ఆయన కాళ్ళకి నీళ్ళు పొయ్యడానికి కుర్రాళ్ళు వంతులు వేసుకునేవాళ్ళట. బలానికని ప్రతివాడూ ఒక పచ్చిగుడ్డు తెచ్చిచ్చేవాడు. ఎవడిది తాగకపోతే ఎవడికి కోపమొస్తుందోనని ఒకసారి పదకొండు గుడ్లు తాగి, ఆట మొదలయ్యాక కోర్టు మధ్యలో కక్కేశాడు. ఆ రోజు కూడా గెలిచారని తాత. ఓడిపోయారు, మర్చిపోయావని చిన్నంనాయుడు తాత.

ఇక ఆయన ఎత్తు. నేను మొదటిసారి విన్నప్పుడు పైడిరాజు ఆరడుగులు. నేను ఇంటర్‌కి వచ్చేసరికి ఆరడుగుల నాలుగంగుళాలయ్యాడు. ఒకసారి చిన్నంనాయుడు తాత, హాస్టల్ గుమ్మంలోంచి పైడిరాజు వంగి వెళ్ళేవాడని చెప్తే, ఆ గుమ్మంలోంచి అందరం వంగే వెళ్ళేవాళ్ళమని తాతే ఒప్పుకున్నాడు. ఫొటో ఒక్కటి లేదు. ఇప్పుడు నా ఫోన్‌లో నేను తిన్న దోసెల వీడియోలే నాలుగొందలుంటాయి, ఒక్కటీ మళ్ళీ చూసింది లేదు. వీళ్ళ దగ్గర ఒక్క బొమ్మ కూడా లేదు, యాభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు.

కథ ఎక్కడ మొదలుపెట్టినా ఫైనల్ మ్యాచ్ దగ్గరికే వచ్చేది. శ్రీకాకుళం నుంచి వచ్చిన టీముతో ఆట. ఇంకా రెండు నిమిషాలుందనగా ఒక బుట్టకున్న పాత నెట్టు పుటుక్కున తెగిపోయింది. ఆట ఆపి, ఆటసామాన్ల గదిలోంచి కొత్త నెట్టు తెచ్చి కట్టారు. అది అంతకుముందు రోజు ఎవరో ఆ గది తలుపు దగ్గర పెట్టి వెళ్ళినది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పైడిరాజు టీము ఒక్క పాయింటు వెనకుంది. బుట్టలో పడితే రెండు పాయింట్లు. ఆఖరి క్షణాల్లో సగం కోర్టు దూరం నుంచి పైడిరాజు బాల్ వేశాడు. అది రింగుకి తగలకుండా నేరుగా బుట్టలోకి దిగింది. దిగి, ఆగిపోయింది. నెట్టు అడుగు కుట్టేసి ఉంది, కట్టే తొందరలో ఎవరూ చూసుకోలేదు. బాల్ కిందపడలేదు. కొండముచ్చు బుగ్గలాగా నెట్టు ఉబ్బి అలా ఊగుతూ ఉంటే, జనమంతా తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. రిఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు కూడా ఈల నోట్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఈలోగా టైమైపోయింది. బాల్ దిగలేదు కాబట్టి లెక్కలోకి రాదన్నాడాయన. పైడిరాజు వాళ్ళు ఓడిపోయారు. యూనివర్సిటీ టీముకి ఆటగాళ్ళని ఎంచడానికి వచ్చిన పెద్దమనిషి ఆ శ్రీకాకుళం కుర్రాళ్ళలో ఒకణ్ణి తీసుకుపోయాడు. పైడిరాజు చదువయ్యాక రైల్వేలో చేరి, కొత్తగా వేసిన కిరండోల్ లైన్లో ఎక్కడో కొండల మధ్య స్టేషన్లకి వెళ్ళిపోయాడు.

చిన్నప్పుడు నేను గమనించినది ఒకటుంది. కథ సరిగ్గా కొత్త నెట్టు కట్టే దగ్గరికి వచ్చేసరికి తాత ఇంట్లోకి తిరిగి, టీ పెట్టమని కేకేసేవాడు. అమ్మమ్మ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడినా సరే, అప్పుడే టీ తాగి గ్లాసులు కింద పెట్టినా సరే. అమ్మమ్మ లోపలికి వెళ్ళేది. అందుకని ఆవిడకి ఆ కథ సగమే తెలుసు.

చిన్నంనాయుడు తాతకి మాత్రం ఆ నెట్టు దగ్గరే కథ మొదలయ్యేది. ఆయనది శ్రీకాకుళం వైపు. పైగా మ్యాచ్ ముందురోజు సున్నం డబ్బా కోసం ఆ గది దగ్గర తచ్చాడుతూ కనబడ్డాడు. గడ్డిమోపులు కట్టే వలలా ఉంది, ఇది రైతు చేతి పనేనని ఎవరో అన్నారు. అంతే. హాస్టలంతా ఆయన్ని వెలేసినంత పని చేశారు. పక్కన కూర్చుని అన్నం తినేవాడు లేడు. బావి దగ్గర చేద అందించేవాడు లేడు. ఆ నెలరోజుల సంగతి చెప్పేటప్పుడు ఆయన వడ్లు ఒలవడం ఆపేసేవాడు. ఆ అడుగు కుట్టినవాడు ఈ జన్మలో దొరికితే చేతులు విరిచేస్తానని ప్రతిసారీ ఒట్టేసేవాడు. తాత తలూపేవాడు. విరవాల్సిందేననేవాడు.

పోయిన సంవత్సరం నేను ఉద్యోగంలో మేనేజరుతో గొడవపడి, రాజీనామా కాగితం మొహాన కొట్టినంత పనిచేసి, మనసు బాగోలేక విజయనగరం వెళ్ళాను. ఇద్దరూ వసారాలో అదే కథ. పైడిరాజు బతికున్నాడో లేడో అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఏడ్చే బదులు వెతకొచ్చు కదా. ఫోన్ తీసి, ఇంటిపేరు, రైల్వే, అని రెండు మూడు చోట్ల వెతికితే, ఆయన మనవడు కొత్తవలసలో ఇంటిముందు బాస్కెట్‌బాల్ ఆడుతున్న వీడియో దొరికింది. వాడికి మెసేజ్ పెట్టాను. అరగంటలో పైడిరాజు తాత గొంతే ఫోన్లో వినిపించింది. రిటైరైనప్పట్నుంచీ కొత్తవలసలోనే ఉన్నాడట. అంటే రైలెక్కితే గంట దూరం. ఆదివారం భోజనానికి రమ్మని నేనే పిలిచేశాను. చిన్నంనాయుడు తాత కళ్ళు తుడుచుకున్నాడు. మా తాత లేచి పెరట్లోకి వెళ్ళి గాలి ఎటునుంచి వస్తుందో చూశాడు.

ఆదివారం పొద్దున్న నన్ను చేపల బజారుకి తీసుకెళ్ళాడు. తాత చేప కొనడమంటే ఓ తతంగం. మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను నొక్కుతాడు, వాసన చూస్తాడు, వద్దని నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ వస్తాడు. ఆ రోజు వెళ్ళగానే ఎదురుగా ఉన్న కోనాం చేపని తోకపట్టి సంచీలో వేసేసుకున్నాడు. అమ్ముతున్నావిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏటి మావా, ఒంట్లో బాగోనేదేటి? నువ్వేనా మొప్ప సూడకుండా ఎత్తుతన్నావు? అది నిన్నటిది, నీకు కాదు. ఇటిచ్చీ."

ఆవిడే ఇంకోటి తీసిచ్చింది. బజారు బయట మెట్ల మీద కూలబడి తాత నాకు చెప్పాడు. ఆ వల ఆయనే అల్లాడట. పైడిరాజు గెలిపించే బాల్ తన వలలోంచి జారాలని, గెలిచాక అందరి ముందూ ఆ వల నాదేనని చెప్పుకోవాలని, శని ఆదివారాలు ఊరికెళ్ళి, వాళ్ళ నాన్న వల అల్లే సూది తీసుకుని, తుమ్మ బెరడు ఉడికించిన నీళ్ళలో ముంచిన నూలు దారంతో అల్లాడు. తిరిగి కాలేజీకి వెళ్ళే రోజు పొద్దున దాన్ని అరుగుమీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి చుట్టచుట్టి సంచీలో పెట్టి ఉంది. పెట్టింది ఆయన మేనమామ కూతురు, నూకాలు. అంటే మా అమ్మమ్మ. అడుగు కుట్టి మరీ పెట్టింది. ఆయన విప్పి చూడలేదు. బాల్ ఆగిపోయి ఊగుతున్నప్పుడు, కింద నుంచి ఆ ముడి చూసి పోల్చుకున్నాడు. మేనమామ వాళ్ళింటి ముడి.

అమ్మమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను. అప్పటికి పెళ్ళి కాలేదట, పెళ్ళికి ముందే తగువెందుకని ఊరుకున్నాడట. పెళ్ళయ్యాక ఇంకా భయమేసిందట. మరి చిన్నంనాయుడు తాతకో అన్నాను. సంచీలో చేపనే చూస్తూ కూర్చున్నాడు.

"ఆడు నాకున్నదొక్కడే," అన్నాడు చివరికి. "ఇప్పుడు తెలిస్తే మళ్ళీ మా గుమ్మం తొక్కడు. పైడిరాజు ముందర మరీని. నువ్వు నోరు ఇప్పకు గుంటా."

విప్పనని మాటిచ్చాను. కానీ ఆటోలో కూర్చున్నాక నా చెయ్యి ఊరుకోలేదు. అసలు బాల్ ఆగిపోతే రూలేంటని ఫోన్లో వెతికాను. చూసి, పక్కన తాత ఉన్నాడని కూడా మర్చిపోయి ఆ డ్రిల్లు మాస్టార్ని తిట్టిన తిట్లకి ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. ఏమైందని తాత అడిగాడు. చెప్దామనుకునేసరికి ఇల్లు వచ్చేసింది, గుమ్మంలో చిన్నంనాయుడు తాత నిలబడి ఉన్నాడు.

పైడిరాజు తాత పదకొండింటికి వచ్చాడు. ఆటో దిగిన మనిషి నా భుజం దాకా వచ్చాడు. నేను ఐదడుగుల ఆరంగుళాలు. ఇద్దరు అభిమానులూ ఆయన వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశారు. వయసుకి కుంగిపోయావని చిన్నంనాయుడు తాత జాలిపడితే, నేనెప్పుడూ ఇంతేనని, అందుకే దూరం నుంచి వేసేవాణ్ణని, దగ్గరికెళ్తే అందేది కాదని ఆయన నవ్వాడు. బుర్రమీద ఒక్క వెంట్రుక లేదు, అరచేతులు మాత్రం చేటలంత.

భోజనాలు వడ్డించారు. చింతపండు పులుసులో కోనాం ముక్కలు, నెత్తళ్ళ వేపుడు, చిన్నంనాయుడు తాత తెచ్చిన కొత్త బియ్యం అన్నం. అమ్మమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. గుడ్ల కథయింది. సున్నం కథయింది. చిన్నంనాయుడు తాత ఫైనల్ దగ్గరికొచ్చాడు. పాత నెట్టు తెగింది. కొత్త నెట్టు తెచ్చారు.

"టీ ఎట్టు," అన్నాడు తాత.

"అన్నం మజ్జిన టీ ఏటి, మతి పోనాదేటి?" అంది అమ్మమ్మ. కదల్లేదు.

చిన్నంనాయుడు తాత ఆగలేదు. బాల్ దిగడం, ఆగడం, ఉబ్బడం, అడుగు కుట్టేసి ఉండడం, అంతా చెప్పాడు. చెప్పి, అమ్మమ్మ వైపు కంచం చాపి, ఇంకో ముక్క వేయించుకుంటూ, ఆ కుట్టిన చెయ్యి దొరికితే విరిచేస్తానన్నాడు. ఆ చెయ్యి ఆయన కంచంలో పులుసు పోస్తూ ఉంది. తాత మొహం చూశాను. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. నాకు తట్టుకోలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

"ఎవరి చేతులూ విరవక్కర్లేదు, ఆ గోల్ లెక్కే," అని ఎంగిలి చెయ్యి పక్కన పెట్టి ఎడం చేత్తో ఫోన్ తీశాను. బాల్ పైనుంచి బుట్టలోకి దిగి లోపలే ఉండిపోయినా, కిందికి జారిపోయినా, రెండూ లెక్కేనని చదివాను. పైడిరాజు తాత మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఫోన్ తన చేతికి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, తనే ఒకసారి పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. స్క్రీన్ మీద పులుసు మరకయింది.

అమ్మమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

"ఏ వల? కాలేజీకని ఈయన అల్లినాడు, ఆ వలేనా? నానే కదా అడుగు కుట్టీసినాను. అడుగు నేకుండా అట్టుకెల్తన్నాడు, మరిసిపోనాడేమో, పట్నంలో నవ్వుతారని కుట్టినాను. తిరిగొచ్చాక ఏటి పడ్డాదని అడిగితే, ఒకటే పడ్డాది, పెద్దది అన్నాడు."

ఆవిడ మొహంలో తప్పు చేశానన్న ఛాయే లేదు. పైగా సంతోషం. తాత కంచంలోకి చూస్తున్నాడు. చిన్నంనాయుడు తాత చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది.

"నెల్లాళ్ళురా," అన్నాడు ఆయన, మెల్లిగా. "నెల్లాళ్ళు నాతో ఒక్కడూ మాటాడనేదు. ఆళ్ళంటే పరాయోళ్ళు. ఒకే గదిలో ఉండి నువ్వూ మాటాడనేదు."

"మాటాడితే సెప్పేస్తానని," అన్నాడు తాత.

నేను ఫోన్ ఎందుకు తీశానా అనుకున్నాను. చిన్నంనాయుడు తాత లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఎడంచెయ్యి నేలకి ఆనించాడు కూడా. తాత ఆపలేదు. ఆపడానికి మొహం లేదని ఆయనే తర్వాత చెప్పాడు. అప్పుడు అమ్మమ్మ, ఇదంతా తనకి పట్టనట్టుగా, నన్నడిగింది. నిలిచినా లెక్కేనని పుస్తకంలోనే ఉందా అని. ఉందన్నాను.

"మరింక తగువేటి? నిలిసిందా నేదా? నా కుట్టు ఊడనేదు కదా. ఆ మాస్టారికి సదువు రాకపోతే మీరు మీరు కొట్టుకు సస్తారేటి?"

ముందు నవ్వింది పైడిరాజు తాత. నవ్వుతూ నవ్వుతూ పొలమారి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. చిన్నంనాయుడు తాత కాసేపు బిగుసుకునే కూర్చున్నాడు. తర్వాత నేలకి ఆనించిన చెయ్యి తీసేశాడు.

"అయితే రిపరీని కొనేసారన్నమాట," అన్నాడు. "నాకప్పుడే అనుమానం. సెల్లెమ్మా, తలకాయ ముక్క ఉంటే ఇలా ఎయ్యి. దానయ్యగాడికి ఎయ్యకు."

తలకాయ ముక్కంటే తాతకి ప్రాణం. ఆ రోజు నుంచి ఇప్పటికీ, చిన్నంనాయుడు తాత వచ్చిన రోజున ఆ ముక్క ఆయన కంచంలోకే వెళ్తుంది. తాత చూస్తూ కూర్చుంటాడు. అదీ శిక్ష. కథలో కూడా మార్పొచ్చింది. ఇప్పుడు నెట్టు కట్టే దగ్గర ఎవరూ టీ అడగరు. అక్కడ నుంచి అమ్మమ్మ చెప్తుంది, చేట పక్కన పెట్టి మరీ.

వెళ్ళేటప్పుడు పైడిరాజు తాత గుమ్మంలో ఆగి, మనవడి రింగుకి వల లేదని, ఒకటి అల్లిపెట్టగలవా అని అమ్మమ్మని అడిగాడు. అడుగు ఉంచాలా వద్దా అంది అమ్మమ్మ. ఆయన కొంచెంసేపు ఆలోచించి ఉంచమన్నాడు. తాత అల్లాడు, రెండు వారాలు పట్టింది. ఇప్పుడంతా నైలాన్ దారమే, తుమ్మ బెరడు వాసన లేదని గొణుగుతూనే ఉన్నాడు. అడుగు అమ్మమ్మ కుట్టింది.

వల పంపిన నాలుగో రోజు నా ఫోన్‌కి వీడియో వచ్చింది. వెనక మనవడి గొంతు, ప్రతిసారీ కర్రతో పొడిచి దింపాలా అని విసుక్కుంటోంది. పైడిరాజు తాత పంచె ఎగ్గట్టి, వట్టికాళ్ళతో, గేటు దగ్గర నిలబడ్డాడు. మొదటి రెండుసార్లు తగల్లేదు. మూడోసారి బాల్ వెళ్ళి వలలో పడి, ఉబ్బి, ఊగి, ఆగింది. ఆయన కర్ర అందుకోలేదు. కెమెరా వైపు తిరిగి, చేటంత చెయ్యి పైకెత్తి, రెండు వేళ్ళు చూపించాడు.